నిఘా ఊడ్చేవారి మీదేనా?

చెత్త సేకరణకు డిజిటల్ పటం తోడైతే మంచిదే. ఏ గల్లీలోకి స్వచ్ఛ ఆటో దూరలేకపోతోంది, ఏ మలుపులో రోజూ కుప్ప పడుతోంది, రెండు బండ్లు ఒకే వీధిని ఎందుకు పంచుకుంటున్నాయి అన్నవి పటం మీద పెడితే ఇట్టే తేలిపోతాయి. అయితే ఆ పటం ఎవరిని చూపిస్తుంది, ఎవరిని దాచిపెడుతుంది?

హైదరాబాద్‌లో 2024లో ప్రతి కట్టడాన్నీ డిజిటల్ పటం మీదికి ఎక్కించే జీఐఎస్ సర్వే మొదలైంది. పైన డ్రోన్లు ఎగిరాయి, కింద సిబ్బంది ఇంటింటి గడప తొక్కి వివరాలు రాసుకున్నారు. ఆస్తిపన్నుకు ఒక్క అంతస్తు కూడా తప్పిపోకూడదన్న పట్టుదల అది. చెత్తకుప్ప దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల ఏమవుతోంది? రోడ్ల మీది డబ్బాలు తీసేశారు, కుప్పలు మాత్రం పాత చోటనే పడుతున్నాయి. పోగైనప్పుడల్లా ఎత్తేసి, అక్కడ ముగ్గులేసి ఫొటోలు దిగిన వైనం నగరం చూసిందే.

పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం ముఖ గుర్తింపు హాజరు వచ్చేసింది. పర్యవేక్షణ లేకపోతే దొంగ హాజరు ఆగదని అధికారులు అంటారు. నిజమే. కానీ బయోమెట్రిక్ ఉన్న రోజుల్లో నకిలీ వేలిముద్రలు తయారుచేసి లేని కార్మికులకు హాజరు వేసిన కేసుల్లో పట్టుబడింది పర్యవేక్షించాల్సినవారే. చీపురు పట్టినవారిపై అనుమానం, మస్టరు చేతిలో ఉన్నవారిపై నమ్మకం! నాగ్‌పుర్, చండీగఢ్‌లలో కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు తొడిగిన తీరూ ఇదే. రోజుకు 100 కిలోలకు మించి చెత్త పుట్టించే హోటళ్లు, సముదాయాలను 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే వేరుగా గుర్తించి, తడి చెత్తను వీలైనంత మేరకు అక్కడికక్కడే శుద్ధి చేసుకోవాలన్నాయి. వాటి చేతికి ఏ గడియారం తొడిగారు?

బండి కదిలిందని జీపీఎస్ చెబుతుంది. నాలుగో అంతస్తు నుంచి బుట్ట కిందికి దిగేలోపే అది వెళ్లిపోయిందా అన్నది చెప్పదు. అది ఆ ఇంటివారు చెప్పాలి. చెప్పాలంటే పటం వారికీ కనబడాలి.

ఇక జవహర్‌నగర్. 300 ఎకరాలు దాటిన ఆ డంపింగ్ యార్డుకు నగరం నుంచి రోజూ వేల టన్నులు చేరుతున్నాయి. పాత దిబ్బను పైనుంచి పొరలతో కప్పేశారు. దుర్వాసన, మల్కారం చెరువులోకి దిగిన విషపు ఊట పక్క కాలనీలవారికి తెలియనివి కావు. అక్కడి భూగర్భజల పరీక్షల ఫలితాలు కూడా కార్మికుల హాజరంత శ్రద్ధగా, అంతే తరచుగా పటం మీదికి ఎక్కాలి.

వార్డులవారీ సేకరణ వివరాలు, భారీగా చెత్త పుట్టించేవారి జాబితా, డంపింగ్ యార్డు కొలతలు ప్రజల ముందు పెట్టండి. అది చేతకాకపోతే, తెల్లవారకముందే రోడ్డెక్కే కార్మికురాలి ముఖాన్ని ఫోనులో బంధించి దాన్ని సంస్కరణగా చాటుకోవడం మానండి.