ఫుట్‌బాల్ ఆడితే కాలేజీ ఫ్రీ అట: అరచేతిలో వైకుంఠం

ఆగస్టులో అమెరికా స్కూళ్లు తెరిచేసరికి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. పిల్లాడు హైస్కూల్ ఫుట్‌బాల్‌లో (సాకర్ కాదు, బంతి చేత్తో పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) రాణిస్తే కాలేజీ చదువు ఉచితమట. ఆఫర్ వస్తే సీటు వచ్చినట్టేనట. రిక్రూటింగ్ సైట్లు ఆటగాళ్లకిచ్చే స్టార్లు ఎక్కువుంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఖాయమట, మార్కులతో పనే లేదట, పైగా లక్షల డాలర్లట. ఇందులో నిజం పాలు తక్కువ.

"రాణిస్తే స్కాలర్‌షిప్ గ్యారంటీ"

శుక్రవారం రాత్రి డల్లాస్ పక్కన అలెన్ హైస్కూల్ మ్యాచ్ చూసినవాళ్లకు ఇది నిజమే అనిపిస్తుంది. స్కూలు జట్టు కోసం 6 కోట్ల డాలర్లతో, 18 వేలమంది కూర్చునేలా స్టేడియం కట్టారు మరి. అక్కడ ఆడిన కైలర్ ముర్రేనే తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరయ్యాడు. కానీ ముర్రేతో ఆడిన మిగతావాళ్ల సంగతి ఫార్వర్డ్‌లో ఉండదు.

దేశంలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు 10 లక్షల పైమాటే. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం వాళ్లలో కాలేజీ జట్టు దాకా వెళ్లేది వందకు ఏడుగురు. కాలేజీ ఆటల మూడు మెట్లలో పైదైన డివిజన్ వన్‌కు చేరేది ముగ్గురు కూడా కాదు. ఆ ఏడుగురికీ డబ్బు వస్తుందా అంటే అదీ లేదు. డివిజన్ త్రీ కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగూ ఇవ్వదు. డివిజన్ టూలో జట్టు మొత్తానికి 36 స్కాలర్‌షిప్‌ల సొమ్మే గరిష్ఠం, దాన్నే ముక్కలు చేసి చాలామందికి సర్దుతారు. పావు ఫీజు తగ్గినవాణ్ణీ 'స్కాలర్‌షిప్ ప్లేయర్' అనే అంటారు.

"ఇప్పుడు పెద్ద కాలేజీల్లో 85 కాదు, 105 మందికి ఇస్తున్నారుగా" అని గ్రూపులో ఎవరో ఒకరు తగులుకుంటారు. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి ఆమోదం తెలిపాక 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయిన మాట నిజమే. దాని బదులు జట్టు మొత్తం 105 మందిని దాటకూడదన్న నిబంధన వచ్చింది. అంతకుముందు సొంత ఖర్చుతో చేరే వాక్-ఆన్‌లను కలుపుకుని 120 మందికి పైగా ఉన్న జట్లుండేవి. బేకర్ మేఫీల్డ్ అలా వాక్-ఆన్‌గా వచ్చినవాడే, 2017లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. ఇప్పుడు ఆ దారి ఇరుకైంది.

దీనికి తోడు ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్. ఇంకో కాలేజీలో రెండేళ్లు ఆడి చూపించిన 21 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టును నడిపేవాడు) దొరుకుతుంటే కోచ్ 17 ఏళ్ల కుర్రాడి కోసం ఎందుకు ఆగుతాడు? మీవాడు పక్క స్కూలు వాణ్ణి దాటితే సరిపోయే రోజులు పోయాయి.

"ఆఫర్ వచ్చిందంటే సీటు వచ్చినట్టే"

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఆఫర్ అంటే చాలావరకు కోచ్ నోటిమాట. కాగితం మీద సంతకం పడేదాకా పిల్లాడికీ కాలేజీకీ ఏ కట్టుబాటూ లేదు. జూనియర్ కాలేజీలో (అక్కడ హైస్కూల్ తర్వాతి రెండేళ్ల కాలేజీ) ఆడుతున్న రోజుల్లో జాష్ అలెన్ డివిజన్ వన్ కోచ్‌లకు వరసగా మెయిళ్లు పెట్టుకుంటే చివరికి వచ్చినవి రెండే ఆఫర్లు. వ్యోమింగ్ యూనివర్సిటీ చూడటానికి వెళ్లొచ్చేసరికి ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ తన ఆఫర్ వెనక్కి తీసుకుంది. 2024 సీజన్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, అతనే!

ఇక 'డియర్' అని పిల్లాడి పేరుతో వచ్చే క్యాంపు మెయిల్. ఫీజు కట్టి రమ్మనే ఆ పిలుపు వందల మందికి వెళ్తుంది, అది ఆఫర్ కూడా కాదు. కోచ్ నిజంగా ఫోన్ చేస్తే మొహమాటపడకుండా అడగండి: ఈ పొజిషన్‌కి ఈ ఏడాది ఎంతమందిని తీసుకుంటున్నారు, ఎంతమంది సరేనన్నారు, మావాడు ఇవాళే ఒప్పుకుంటే తీసుకుంటారా? మూడో ప్రశ్నకు నసిగారంటే మీకు జవాబు దొరికినట్టే.

"ఫైవ్ స్టార్ అయితే ఎన్‌ఎఫ్‌ఎల్ ఖాయం"

స్టార్లు ఉత్తి బూటకం అని నేననను. ముర్రే ఫైవ్ స్టారే. కానీ ఆ ముద్ర పడేది దేశం మొత్తంలో ఏటా ముప్పై మంది చిల్లరకి, వాళ్లలోనూ అందరూ నిలబడరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దిగ్గజమైన జె.జె. వాట్‌కి హైస్కూల్‌లో రెండు స్టార్లే.

"మార్కులతో పనిలేదు"

డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్‌లో ఇంగ్లిష్, లెక్కల్లాంటి 16 కోర్ కోర్సులు, వాటిలో 2.3 జీపీఏ ఉండాలి. పది కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. 2.3 అంటే మన ఇళ్లలో నవ్వుతారు, సరే. కానీ మన పిల్లల్లో ఎక్కువమందికి ఆట వల్ల తెరుచుకోగల తలుపు డివిజన్ త్రీయో, ఐవీ లీగో. అక్కడ మార్కులు లేకపోతే కోచ్ కూడా ఏమీ చేయలేడు.

"ఎన్‌ఐఎల్‌తో లక్షల డాలర్లు"

ఎన్‌ఐఎల్ అంటే ఆటగాడు తన పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించే డబ్బు. కొందరికి వస్తున్నాయి, నిజమే. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించొచ్చు. మొదటి ఏడాది గరిష్ఠం కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అదీ అన్ని ఆటలకూ కలిపి. పెద్ద వాటా పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లకు పోయాక జట్టు చివర్లో ఉన్నవాడికి మిగిలేదెంత?

మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది. స్టూడెంట్ వీసా ఎఫ్-1 మీద చదివేవాడు అమెరికాలో ఈ డబ్బు కోసం పనిచేస్తే వీసాకే ఎసరు. పర్‌డ్యూలో బాస్కెట్‌బాల్ ఆడిన కెనడా కుర్రాడు జాక్ ఈడీ రెండేళ్లు వరసగా దేశంలో ఉత్తమ ఆటగాడనిపించుకున్నా, వీసా అడ్డొచ్చి తోటివాళ్లలా ఒప్పందాలు చేసుకోలేకపోయాడు. తల్లిదండ్రుల హెచ్-1బి వీసా వెంట వచ్చే హెచ్-4 మీదున్న పిల్లలకైతే పని అనుమతే ఉండదు, 21 నిండితే ఆ హోదా కూడా పోతుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లకు ఈ ఫార్వర్డ్ పంపేటప్పుడు ఈ ముక్క కూడా అతికించి పంపండి.