ఆవలింతపై లాఠీచార్జి

‘ఆమె ఆవలింతను అణచివేసింది.’ ఈ మధ్య అనువాదాల్లో తరచూ కనబడుతున్న దారుణం ఇది. ఆవలింత ఏ చట్టాన్ని ఉల్లంఘించిందో, ఎన్ని బలగాలు దిగాయో వాక్యంలో లేదు. ఇంగ్లీషు మూలంలో ఉన్నది ‘స్టైఫుల్’ (stifle; ‘స్టిఫుల్’ కాదు) అనే క్రియ. నిఘంటువు తెరిచారు, ముందు కనబడిన ‘అణచు’ను పట్టుకొచ్చారు, పని ముగిసింది.

ఇది నిజంగా పొదుపైన పద్ధతే. లేకపోతే నవ్వు ఆపుకోవాలి, ఏడుపు దిగమింగాలి, దగ్గు బిగబట్టాలి, విమర్శకుడి గొంతు నొక్కాలి, ఫైలు తొక్కిపెట్టాలి. ఒక్కో కర్మకు ఒక్కో క్రియ! ఇంత దుబారా ఏ భాష భరిస్తుంది?

చిక్కేమిటంటే స్టైఫుల్ పుట్టుకే ఊపిరాడకపోవడంలో ఉంది. పాత ఫ్రెంచి ‘ఎస్తూఫే’ నుంచి వచ్చిందంటారు. అందుకే ‘స్టైఫ్లింగ్ రూమ్’ అంటే గాలాడని గది. మన పద్ధతిలో అది ‘అణచివేసే గది’. ఉక్కపోస్తోందని చెప్పబోయిన పాత్ర చివరికి హక్కుల ఉద్యమకారుడవుతుంది.

‘స్టైఫుల్డ్ లాఫ్’ సంగతి ఇంకా సున్నితం. అది పూర్తిగా ఆగిన నవ్వు కాదు. నోటికి చెయ్యి అడ్డుపెట్టినా వేళ్ల సందుల్లోంచి కిసుక్కుమని జారిపడ్డది. ‘అణచివేసిన నవ్వు వినిపించింది’ అని రాస్తే అది భూతాల కథ. ‘ఆపుకోలేక కిసుక్కుమంది’ అంటే చాలు.

దీని చుట్టం ‘స్మదర్’. అందులో కప్పేయడం ఉంది. మూకుడులో నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి, మూత పక్కనుంచి జరిపి కప్పాలి. నీళ్లు పోస్తే అవి నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను ఎగజిమ్ముతాయి. చల్లారకముందే మూత తీస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది. అతిప్రేమతో పిల్లల్ని ఉక్కిరిబిక్కిరి చేసే తల్లిదండ్రులకూ ఇదే క్రియ; అక్కడ మూత తీసేవాళ్లే ఉండరు. ఇక తిరుగుబాటుకు ‘సప్రెస్’ ఉంది. ‘అణచు’ అసలు ఉద్యోగం అక్కడే, వెళ్లి చేసుకోమనండి.

న్యాయంగా ఒక్కచోట మాత్రం స్టైఫుల్‌కు ‘అణచివేత’ సరిపోతుంది: తుమ్ము. ముక్కూ నోరూ రెండూ మూసి తుమ్మును లోపలే ఆపిన 34 ఏళ్ల మనిషికి గొంతు లోపలి గోడ చిరిగిందని 2018లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక నమోదు చేసింది. అక్కడ నిజంగానే బలప్రయోగం జరిగింది, క్షతగాత్రుడూ ఉన్నాడు.

మరచిపోయేలోగా ఇంకొకటి. స్టైఫుల్ నామవాచకం కూడా. గుర్రానికీ కుక్కకూ వెనక కాలి మోకాలి కీలును అలాగే అంటారు. పశువైద్యుడి నివేదిక రేపు తెలుగులోకి వస్తే, ‘గుర్రపు అణచివేత వాచింది’ అని అచ్చవుతుంది. ప్రూఫ్ రీడరు అదేదో గొప్ప ప్రతీక అనుకుని వదిలేస్తాడు.