పదహారు వస్తే ఏం చెయ్యాలో హాలీవుడ్ చెప్పలేదు

కాసినోలు సినిమాలను బొత్తిగా గౌరవించడం లేదు. ఈ సంగతి లాస్ వేగస్‌లో పది డాలర్లు పెట్టి మరీ తెలుసుకున్నాను. ఎవరో ఒకరు నోరు విప్పాలి కాబట్టి నేనే విప్పుతున్నాను.

బ్లాక్‌జాక్ అంటే చేతిలో ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా, ముక్కలు పంచే డీలరును మించాల్సిన పేకాట. నేను ముప్పై ఏళ్లుగా దాని విద్యార్థిని. ఆడి కాదు, చూసి. మొదటి పాఠం 1988 నాటి ‘రెయిన్ మ్యాన్’. టామ్ క్రూజ్‌కి ఎనభై వేల డాలర్ల అప్పు. అన్నయ్య డస్టిన్ హాఫ్‌మన్‌కి పడిన ముక్కలన్నీ గుర్తుంటాయి. ఇద్దరూ సూట్లు వేసుకుని సీజర్స్ ప్యాలెస్ కాసినోలో ఎస్కలేటర్ మీద దిగుతారు, బాకీ తీరిపోతుంది. 2009లో ‘ద హ్యాంగోవర్’. స్నేహితుణ్ని విడిపించడానికి మళ్లీ సరిగ్గా ఎనభై వేలే కావాలి. గడ్డం పెంచుకున్నాయన బల్ల ముందు కూర్చుంటే 82,400 వస్తాయి. పైన వచ్చినవి దారి ఖర్చులకనుకుంటాను. ఈ రెంటికీ మధ్య 2008లో ‘21’. అందులో కుర్రాడికి హార్వర్డ్‌లో డాక్టరీ చదవాలంటే మూడు లక్షల డాలర్లు కావాలి. ఇరవై ఏళ్లలో ధరలు పెరగవా మరి?

గమనించారా, వీళ్లలో సరదాకి ఆడేవాడు ఒక్కడూ లేడు. మన దగ్గర పేకాట అంటే పెళ్లాం మెడలో పుస్తెలు మాయం కావడం. అక్కడ అదొక సంక్షేమ పథకం. అర్హత ఉన్నవాడికి, అవసరమైనంత, అడిగిన రాత్రికే. ఎడ్యుకేషన్ లోను కోసం ఊళ్లో పొలం కాగితాలు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగే మన తల్లిదండ్రులకు ఈ పథకం గురించి ఏ కన్సల్టెన్సీ వాడూ ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాదు.

ఇక లెక్క సంగతి. సినిమాలో హీరో కళ్లు చిన్నవి చేస్తే చాలు, అతని బుర్రలో గణితం గిర్రున తిరిగిపోతుంది. అసలు జరిగేది ఇది: రెండు నుంచి ఆరు దాకా ఏ ముక్క పడినా ఒకటి కలపాలి. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తియ్యాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది పడితే ఊరుకోవాలి. వచ్చిన అంకెను ఇంకా ఎన్ని పేకలు (యాభై రెండు ముక్కల కట్టలు) మిగిలాయో దాంతో భాగించాలి. అంకె పెద్దదైతే మిగిలినవాటిలో పెద్ద ముక్కలు ఎక్కువున్నట్టు, అప్పుడు పందెం పెంచాలి. అంతే. పాలకేంద్రంలో చిట్టా రాసే కుర్రాడు పొద్దున్నే ఇంతకన్నా పెద్ద లెక్కలు చేస్తాడు, వాడికి ఆస్కార్ ఇవ్వలేదు. ‘రెయిన్ మ్యాన్’లో నిఘా గది మనిషి ఆరు పేకలను లెక్కపెట్టగలిగినవాడు ప్రపంచంలోనే లేడని తేల్చేస్తాడు. ఆరు పేకలంటే 312 ముక్కలు, నిజమే. కానీ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క అంకె. దీని వెనకున్న గణితాన్ని ఎడ్వర్డ్ థోర్ప్ అనే లెక్కల ప్రొఫెసర్ 1962లోనే పుస్తకంగా అచ్చేశాడు.

ఇంత చేస్తే మిగిలేది ఎంత? బాగా లెక్కపెట్టేవాడికి నూటికి ఒకటి మిగిలితే గొప్ప. చేతికి నూరు డాలర్ల చొప్పున పందెం కాస్తే సగటున ఒక డాలరు. గంటకు ఎనభై చేతులు ఆడితే, ఎనభై వేలు రావడానికి వెయ్యి గంటలు. రోజుకు ఎనిమిది గంటల డ్యూటీ చేసినా 125 రోజులు, అదీ మధ్యలో జాతకం అడ్డం తిరక్కపోతే. ‘హ్యాంగోవర్’లో పెళ్లి మర్నాడే. నాలుగు నెలలు వాయిదా వేద్దామంటే పెళ్లికూతురు తరఫువాళ్లు ఒప్పుకుంటారా?

ఇంకో అన్యాయం. ‘21’లో లెక్కపెట్టినవాణ్ని గదిలో కుర్చీకి కట్టేసి ముఖం పగలగొడతారు. వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో బుర్రతో లెక్కపెట్టడం నేరమే కాదు. సూటు వేసుకున్న మనిషి వచ్చి, “అయ్యా, మీరు బ్లాక్‌జాక్ తప్ప ఏదైనా ఆడుకోండి” అంటాడట. దెబ్బలైతే పదిమందికి చూపించుకోవచ్చు, ఈ మర్యాదను ఎవరికి చూపించుకుంటాం?

కాసినోలకు సినిమాల మీద కోపం ఉందేమోనని మొదట అనుకున్నాను. మరి సీజర్స్ ప్యాలెస్ వాళ్లు తమ ఇంటిని తామే ఓడిపోయే షూటింగుకు ఎందుకిచ్చారు? బ్యాంకు ఎలా దోచుకోవాలో చూపిస్తాం, మీ స్ట్రాంగ్ రూమ్ ఇవ్వండంటే ఏ మేనేజరైనా ఇస్తాడా? జవాబు థోర్ప్ పుస్తకం దగ్గరే ఉంది. అది వచ్చాక భయపడి 1964లో వేగస్ వాళ్లు ఆట నియమాలు బిగించారు. జనం రావడం మానేశారు. వెంటనే పాతవే పెట్టేశారు. పుస్తకం కొన్నవాళ్లలో దాన్ని ఒంటబట్టించుకున్నవాళ్లు బహు కొద్దిమంది, మిగతావాళ్లు డబ్బుతో వచ్చారు. సినిమా చూసి వచ్చేవాళ్లు ఆపాటి పుస్తకం కూడా చదవరు.

అలా వచ్చినవాళ్లలో నేనొకణ్ని. అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు గ్రాండ్ కాన్యన్ చూపించి అట్నుంచి అటే వేగస్ తీసుకెళ్లాడు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద ‘6కి 5’ అని అచ్చు. అంటే ఆసూ పదీ కలిసొచ్చినా పది డాలర్లకు పన్నెండే ఇస్తారు. పాత లెక్కన పదిహేను రావాలి. ఏ హీరో అయినా ఆ గుడ్డ చదవగా చూశారా? నేనూ చదవలేదు. నాకు కళావరు పది, డైమన్ ఆరు పడ్డాయి. పదహారు. డీలరు ముందు రాజు. కళ్లు చిన్నవి చేశాను. అంకెలేవీ కనపడలేదు, చత్వారం వల్ల ముక్కే మసకబారింది.

“నాన్నా, ఇంకో ముక్క అడగాలి. బల్ల మీద వేలితో కొట్టు” అన్నాడు అబ్బాయి.

కొట్టాను. ఇస్పేటు తొమ్మిది. డీలరమ్మ నా చిప్పులు తీసేసుకుని పక్కాయనకి ముక్క వేసేసింది. స్లో మోషన్ లేదు, సంగీతం లేదు, మొత్తం పది సెకన్లు.

‘21’ కథకు మూలమైన ఎంఐటీ యూనివర్సిటీ బ్లాక్‌జాక్ జట్టులో ఆసియా సంతతి వాళ్లే ఎక్కువ. వాళ్లలో జెఫ్ మా అనే ఆయన జీవితమే హీరో పాత్రకు ఆధారం. సినిమాలో హీరోగా తెల్లవాణ్ని పెట్టి, జెఫ్ మాకి కాసేపు ముక్కలు పంచే డీలరు వేషం ఇచ్చారు. నా పది డాలర్ల బాధ ఆయన బాధ ముందు ఎంతని సర్దుకున్నాను.

మర్నాడు హోటల్ గది ఖాళీ చేసేటప్పుడు మా ఆవిడ బాత్రూంలో షాంపూ సీసాలు, సబ్బులు, టీ ప్యాకెట్లు లెక్కపెట్టి సూట్‌కేసులో సర్దింది. పద్నాలుగు. లిఫ్టు దగ్గర కెమెరా మా వైపే చూస్తోంది. సూటు మనిషి మాత్రం ఎవరూ రాలేదు.