రెండో కుర్చీకి శిక్షణేదీ?

ఏజెన్సీ మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఉదయం తొమ్మిది దాటింది. హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ. ఆయనకు మండల విద్యాధికారి (ఎంఈవో)గానూ అదనపు బాధ్యతలు ఉన్నాయి, ఇవాళ మండల కేంద్రంలో సమీక్ష. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో లెక్కల మేడమ్ కూర్చున్నారు. గుడ్ల ట్రేలు వచ్చాయి, లెక్కపెట్టి సంతకం చేయాలి. సిగ్నల్ లేక ఫేస్ అటెండెన్స్ యాప్ తిరుగుతూనే ఉంది. బోనఫైడ్ కోసం ఒక తల్లి గుమ్మం దగ్గర నిలబడింది. హిందీ పండిట్ సెలవు, ఆ క్లాసుకు ఎవరినో ఒకరిని పంపాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడు నాలుగు రోజులుగా రావడం లేదు, పత్తి ఏరడానికి వెళ్లాడేమో కనుక్కోవాలి. ఇంతలో బెల్లు మోగింది. ఇది మేడమ్ సొంత పీరియడే. పిల్లలు ఎదురుచూస్తున్నారు, కాసేపటికి అరుపులు కూడా వినిపిస్తాయి.

ఇలాంటి దృశ్యం మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్తేమీ కాదు. హెడ్మాస్టరు తర్వాతి సీనియర్ టీచరైన ఈ మేడమ్‌ను స్టాఫ్‌రూమ్‌లో 'ఫస్ట్ అసిస్టెంట్' అంటారు. మాట పాతది, గౌరవంగానే ఉంటుంది. అయితే ఆ గౌరవానికి పీరియడ్ల తగ్గింపు ఉండదు, పూర్తి అదనపు బాధ్యతల (ఎఫ్ఏసీ) కాగితం చేతికి వస్తే తప్ప అలవెన్సు ఉండదు, శిక్షణ అసలే ఉండదు. హెడ్మాస్టర్లకు లీడర్‌షిప్ శిక్షణలు ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక సంస్థ నీపాలో 2012లోనే స్కూల్ లీడర్‌షిప్ జాతీయ కేంద్రం పెట్టారు, రాష్ట్రాల్లో అకాడమీలూ వచ్చాయి. టీచర్లకు సబ్జెక్టు శిక్షణలు ఉన్నాయి. ఈ ఇద్దరి మధ్య నిలబడి స్కూలు నడిపే మనిషి మాత్రం ఏ జాబితాలోనూ లేదు.

ఏ స్కూలు కష్టమైనదో ప్రభుత్వాలకు తెలియదా అంటే, బాగా తెలుసు. బదిలీల నిబంధనలు చూస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో స్కూళ్లను నాలుగు కేటగిరీలు చేశారు. పట్టణంలో, ఇంటి అద్దె భత్యం ఎక్కువగా ఉన్నచోట పనిచేస్తే ఏడాదికి ఒక పాయింటు. సరైన రోడ్డు లేని నాలుగో కేటగిరీ ఊళ్లో పనిచేస్తే అయిదు. అంటే కష్టానికి ప్రభుత్వం దగ్గర ఒక కొలత ఉంది. ఆ కొలతతో చేస్తున్నదేమిటి? అక్కడ కూడబెట్టిన పాయింట్లన్నీ అక్కడి నుంచి బయటపడటానికే పనికొస్తాయి. ఆ ఊళ్లో ఉండి స్కూలును బాగుచేసే వాళ్లకు ఆ పట్టికలో ఒక్క గడి కూడా లేదు.

ఇంకో లెక్క చూడండి. బదిలీల్లో హెడ్మాస్టరుకు 5 విద్యా సంవత్సరాలు, టీచరుకు 8 విద్యా సంవత్సరాలు నిండితే కదలాల్సిందే. పోస్టు ఖాళీగా ఉండి ఇన్‌చార్జిలతో బండి లాగే రోజులు కూడా కలుపుకుంటే, ఒక కష్టమైన స్కూల్లో హెడ్మాస్టరు కన్నా ఎక్కువ కాలం ఉండేది మధ్యలో ఉన్న సీనియర్లే. తెలంగాణలో సర్వీసు రూల్స్ వివాదం ఏళ్ల తరబడి నలగడంతో ఎంఈవో పోస్టులు భర్తీ కాలేదు, ఆ భారాన్ని హెడ్మాస్టర్ల నెత్తిన పెట్టారు. హెడ్మాస్టరు సగం మండలానికి పోతే స్కూలు ఎవరి చేతిలో ఉన్నట్టు? నాయకత్వ శిక్షణ డబ్బంతా మొదటి కుర్చీ మీదే పెట్టి, ఆ కుర్చీలో మనిషి నిలవకుండా చేయడం ఏం తెలివో మాకు అర్థం కాదు.

మధ్యలో ఉన్నవాళ్లే అసలు మలుపు అన్న ఆలోచనను గట్టిగా పట్టుకున్న దేశం ఇంగ్లండ్. 2003 నుంచి 2011 దాకా అక్కడ 'లండన్ ఛాలెంజ్' నడిచింది. పేదల పేటల్లోని, ఫలితాలు అడుగంటిన స్కూళ్లను వేలెత్తి చూపి వదిలేయకుండా, బాగా నడుస్తున్న స్కూళ్లవాళ్లను వాటికి తోడుగా పంపారు. ఆ కాలంలోనే, 2008లో, 'టీచింగ్ లీడర్స్' అనే స్వచ్ఛంద సంస్థ వచ్చింది. కష్టమైన స్కూళ్లలో ఒక సబ్జెక్టుకో, ఒక తరగతి బృందానికో బాధ్యత వహించే టీచర్లకు రెండేళ్ల శిక్షణ ఇవ్వడం దాని పని. సెలవుల్లో కొన్ని రోజుల పాఠాలతో సరిపెట్టలేదు, కోచ్‌తో మాటామంతీ ఉండేది, తన స్కూల్లోనే ఒక సమస్యను పట్టుకుని తేల్చాల్సి ఉండేది. 2016లో అది హెడ్మాస్టర్లను తయారుచేసే 'ఫ్యూచర్ లీడర్స్' ట్రస్టుతో కలిసింది, 2019లో మరో విలీనం తర్వాత 'ఆంబిషన్ ఇన్‌స్టిట్యూట్' అయింది. లండన్ స్కూళ్లు బాగుపడిన మాట నిజం. ఆ ఘనత ఎవరిదన్న వాదన మాత్రం అక్కడి పరిశోధకుల మధ్య ఇంకా తెగలేదు, వలస కుటుంబాల పిల్లల పట్టుదలే కారణమన్న వాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ శిక్షణే మంత్రదండమని మేం చెప్పబోవడం లేదు.

మనం చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్‌లో ఒక సబ్జెక్టు బాధ్యత తీసుకున్న టీచరుకు జీతం మీద విడిగా బాధ్యతా చెల్లింపు ఉంటుంది, ఇప్పుడున్న పద్ధతి 2006 నుంచి సాగుతోంది. ఉచిత శిక్షణ సీట్లకు డబ్బు బిగుసుకున్నప్పుడు, 2024లో, చాలా కోర్సుల్లో ఆ సీట్లను పేద పిల్లలు ఎక్కువగా ఉన్న సగం స్కూళ్లకు పరిమితం చేశారు. ఆ కోత మీద అక్కడా విమర్శలు వచ్చాయి. అయినా కోత పెట్టాల్సి వస్తే ముందు ఎవరికి మిగల్చాలన్న ప్రశ్నకు ఒక జవాబు చెప్పారు. మన దగ్గర శిక్షణకు డబ్బు తగ్గితే అందరికీ తలా కొంచెం తగ్గుతుంది, పెరిగితే అందరికీ తలా ఒక రోజు పెరుగుతుంది. రోడ్డు లేని ఊరి టీచరుకూ, జిల్లా కేంద్రం టీచరుకూ ఒకే ఫోల్డర్, ఒకే పెన్ను, అదే బిస్కెట్ ప్యాకెట్.

నిజానికి ఈ ఆలోచన ఇక్కడికి రాక కాదు. వచ్చి పోయింది. 1980ల్లో బ్రిటిష్ సాయంతో మొదలై 1996 దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని, అదే ఏపీపెప్‌ను, పాత టీచర్లు ఇప్పటికీ తలచుకుంటారు. ఆ పథకం నేర్పిన బోధనా పద్ధతులు 'ఆరు సూత్రాలు' అంటే ఆ తరానికి వెంటనే గుర్తొస్తాయి. చుట్టుపక్కల బడుల టీచర్లు ఉపాధ్యాయ కేంద్రంలో కూర్చుని, చేసిన కృత్యాలు ఒకరికొకరు చూపించుకోవాలన్నది ఆ పథకంలో మంచి ముక్క. తర్వాత పథకం పోయింది, సమావేశం మిగిలింది. స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ అన్న పేరుతో ఇప్పటికీ జరుగుతోంది. అక్కడ ఎక్కువ సమయం దేనికి పోతుందో వెళ్లినవాళ్లను అడగండి. సర్క్యులర్లు చదవడానికి, బడుల వివరాల ఆన్‌లైన్ రికార్డు యూడైస్ ఎంట్రీల్లో తప్పులు దిద్దడానికి, ఏ యాప్‌లో ఏ బటన్ నొక్కాలో చెప్పడానికి.

2019లో కేంద్రం 'నిష్ఠ' అనే టీచర్ల శిక్షణ కార్యక్రమం తెచ్చింది. సుమారు 42 లక్షల మందికి శిక్షణ అన్నారు. కొవిడ్ రాగానే అది ఆన్‌లైన్‌లోకి మారింది. ఒక పక్క ఫోన్‌లో వీడియో తిరుగుతుంటే మరో పక్క కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టిన వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, సర్టిఫికెట్ మాత్రం అందరికీ వచ్చింది. ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. గంటలు పూర్తిచేయడం మనకు చేతనైన పనే. ఇంకో తమాషా ఏమిటంటే, కష్టమైన స్కూల్లో చురుగ్గా ఉన్న టీచరు కనబడితే చాలు, ఆమెను రిసోర్స్ పర్సన్‌గా తీసుకుపోతారు. ఆమె వేరే వాళ్లకు శిక్షణ ఇస్తుంటుంది, ఆమె క్లాసు పక్క క్లాసులో కలిసి కూర్చుంటుంది.

ఇంతకీ రెండో కుర్చీకి నేర్పాల్సింది ఏమిటి? ఫైళ్లు ఎలా రాయాలో కాదు, అవి ఆమెకు మనకన్నా బాగా వచ్చు. కష్టమైన విద్య వేరే ఉంది. ఒక ఉదాహరణ. రెండు సెక్షన్ల నుంచి అయిదేసి నోట్‌బుక్కులు తెప్పించారు అనుకుందాం. అరకు మూడో వంతు కలపమంటే సగం మంది పిల్లలు రెండు బై అయిదు అని రాశారు. పైవి పైకి కలిపారు, కిందివి కిందికి కలిపారు. ఒక సెక్షన్ ఆమెదే, రెండోది తోటి లెక్కల సారుది. ఆయనదీ ఆమెదీ ఒకే డీఎస్సీ బ్యాచ్, ఒకే పే స్కేలు. "మీ క్లాసులో భిన్నాలు రావడం లేదు సార్" అందంటే కథ అక్కడితో అయిపోతుంది. "నా క్లాసు చూడటానికి నువ్వెవరు?" అన్న మాట పైకి అనకపోయినా మనసులో అంటారు, మర్నాటి నుంచి టీ కూడా విడిగా తాగుతారు. అలా కాక, ముందు తన సెక్షన్ నోట్‌బుక్కులు బల్ల మీద పెట్టి, "సార్, నా దగ్గరా ఇదే తప్పు. సోమవారం రొట్టె ముక్కలతో మొదలుపెడదామా? మీ పీరియడ్‌కు నేనొచ్చి వెనక కూర్చుంటా, నా పీరియడ్‌కు మీరు రండి" అంటే దారి దొరుకుతుంది.

వినడానికి ఇది చాలా చిన్న విషయం. కానీ అధికారం లేకుండా తోటివాళ్లను వెంట తీసుకుపోవడం పుట్టుకతో అందరికీ రాదు. నేర్చుకోవాలి, తప్పులు చేయాలి, ఎవరో అనుభవజ్ఞులు పక్కనుండి సరిచేయాలి. ఒక రోజు పవర్‌పాయింట్‌తో అయ్యే పని కాదిది. ఢిల్లీ ప్రభుత్వం 2016లో సుమారు 200 మంది టీచర్లను మెంటర్లుగా ఎంచుకుని, వాళ్లను పాఠాల నుంచి తప్పించి, కొన్ని స్కూళ్లకు తోడుగా పంపింది. తర్వాత స్కూలుకొక టీచరుకు తోటివాళ్ల శిక్షణ చూసే బాధ్యత కూడా అప్పగించింది. లోటుపాట్లు ఉంటే ఉండవచ్చు, మధ్యలో ఒక మెట్టు కావాలన్న సంగతి మాత్రం వాళ్లు గుర్తించారు.

మనకు ఇది ఇప్పుడే ఎందుకంటే, రెండు రాష్ట్రాల్లోనూ కొత్త టీచర్లు వచ్చారు. తెలంగాణ 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్ 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ వేశాయి. పాతవాళ్ల బదిలీలు అయ్యాక మిగిలిన ఖాళీల్లోకే కొత్తవాళ్లు వెళ్తారు, ఆ మిగిలినవి ఎక్కువగా ఎక్కడ ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఇరవై అయిదేళ్ల అమ్మాయి, మొదటి పోస్టింగు, ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లలు, చేతిలో తెలుగు పుస్తకం. మొదటి రోజు క్లాసు నుంచి బయటికొచ్చి ఎవరి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటుంది? డీఈవో దగ్గరైతే కాదు. ఆ సాయంత్రం ఆమెకు దొరికే మనిషి ధైర్యం చెబితే నిలదొక్కుకుంటుంది. ఆ మనిషే పనిలో మునిగి "మొదట్లో ఇలాగే ఉంటుందమ్మా" అని వెళ్లిపోతే, ఆమె ఆ రోజు నుంచే పాయింట్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది.

కస్తూర్బా విద్యాలయాల సంగతి ఇంకా చిక్కు. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలు, అనాథలు, వలస కూలీల బిడ్డలు ఉండే చోటు. అక్కడ స్పెషల్ ఆఫీసరు తర్వాత భారం మోసేది కాంట్రాక్టు టీచర్లు. రాత్రి పూట జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లేదీ వాళ్లే, తెల్లారి సైన్సు చెప్పేదీ వాళ్లే. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషికి నాయకత్వ శిక్షణ అంటే నవ్వొస్తుంది. శిక్షణ కన్నా ముందు వాళ్ల ఉద్యోగ భద్రత తేల్చాలి.

కొత్త పోస్టు సృష్టించమని మేం అడగడం లేదు. పోస్టు అనగానే ఆర్థిక శాఖ, రోస్టర్, సీనియారిటీ, కోర్టు అన్నీ వరుసగా వస్తాయి, పదేళ్లు గడిచిపోతాయి. ఫస్ట్ అసిస్టెంటుకు వారంలో అయిదారు పీరియడ్లు తగ్గించి, ఆ సమయాన్ని తోటివాళ్ల క్లాసులు చూడటానికీ, కొత్తవాళ్లతో కూర్చోవడానికీ మాత్రమే వాడాలని రాతపూర్వకంగా చెప్పాలి. ఆ పీరియడ్లలో గుడ్లు లెక్కపెట్టమనకూడదు. బాధ్యతకు నెలకు ఎంతో కొంత అలవెన్సు ఇవ్వాలి. ఎంపికలో సీనియారిటీ ఒక్కటే చూడకుండా స్టాఫ్ అభిప్రాయమూ అడగాలి, సంఘాలు మొదట అభ్యంతరం చెబుతాయి, కూర్చోబెట్టి మాట్లాడాలి. శిక్షణ ఏడాదంతా సాగాలి, నెలకోసారి జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) నుంచో, పేరున్న పాత హెడ్మాస్టర్లలో నుంచో ఒకరు స్కూలుకే వెళ్లాలి. మూడు, నాలుగు కేటగిరీ స్కూళ్లతో మొదలుపెట్టి, డబ్బు మిగిలితే పట్టణానికి రావాలి.

మా భయం ఒకటే, దీనికీ ఒక యాప్ వస్తుందేమోనని. వెనక బెంచీలో కూర్చున్నట్టు ఫొటో తీసి జియో ట్యాగ్‌తో అప్‌లోడ్ చేయమంటే, ఫొటోలు వస్తాయి. కొన్నాళ్లు టాయిలెట్ల ఫొటోలు వచ్చినట్టే.

జూన్‌లో బడులు తెరిచే ముందు ప్రతి హైస్కూల్లోనూ టైమ్‌టేబుల్ గీస్తారు. విద్యాశాఖలు ఏప్రిల్ లోపు ఉత్తర్వు ఇస్తే, మొదట నాలుగో కేటగిరీ స్కూళ్లలోనైనా ఆ పట్టికలో ఫస్ట్ అసిస్టెంటు పేరు ఎదురుగా అయిదు గళ్లు ఖాళీగా ఉంచవచ్చు.