చివరి హల్లు కన్నా దాని ముందున్న అచ్చే ముఖ్యం

ఇంగ్లీషు మాటల్లో చివరి హల్లును గట్టిగా, విడిగా పలకమని ఉచ్చారణ మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే చివరి హల్లును నొక్కబోతే వెనకాలే ఒక 'ఉ' వచ్చి కూర్చుంటుంది. బస్ కాస్తా బస్సు, కేక్ కాస్తా కేకు. నాకు చాలాకాలం ఇదే తంటా.

అసలు కిటుకు ముందున్న అచ్చులో ఉంది. 'బ్యాట్', 'బ్యాడ్' పలికి చూడండి. 'ట్' ముందు అచ్చు టక్కున తెగాలి, 'డ్' ముందు కాస్త సాగాలి. వినేవాళ్లు తేడా పట్టేది చాలావరకు ఆ నిడివిని బట్టే. 'స్టాప్' అని మాట ముగించేటప్పుడు ఇంగ్లీషువాళ్లు చాలాసార్లు పెదాలు మూసి అలాగే ఆపేస్తారు, గాలి వదలరు. అద్దంలో చూసుకోండి, పెదాలు మూసుకుంటే చాలు.

తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఇంకా సులువు. 'పిక్ ఇట్ అప్' అన్నది 'పికిటప్' అయిపోతుంది. అక్కడ విడదీసి పలికితేనే ఎబ్బెట్టు.

ఇక భూతకాలం సంగతి. 'ఐ వాక్ట్' లో ఆ చివరి 'ట్' మింగేస్తే నిన్న నడిచారో, రోజూ నడుస్తారో ఎదుటివాళ్లకు తెలియదు. వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్కా లేదేమండీ?