కాలం దోషి ఖాతాలోకేనా?

1997 మార్చి 3 ఉదయం పంజాబ్‌లో కాలకృత్యాలు తీర్చుకుని ఇంటికి తిరిగి వస్తున్న మహిళపై ముగ్గురు సామూహిక అత్యాచారం చేశారు. కింది కోర్టు పదేళ్ల శిక్ష వేసింది, హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2011. సంఘటన జరిగి పద్నాలుగేళ్లయింది, రాజీ కుదిరింది, ఆమెకూ దోషులకూ వేర్వేరుగా పెళ్లిళ్లయ్యాయి, ఆమెకు ఇద్దరు పిల్లలు. ఈ కారణాలు చూపి శిక్షను అప్పటికే జైల్లో గడిపిన సుమారు మూడున్నరేళ్లకు తగ్గించారు. ఒక్కొక్కరు ఆమెకు 50 వేల రూపాయలు చెల్లించాలన్నారు.

ఆ కేసులో కోర్టుకు సమర్పించిన అఫిడవిట్‌లో ఒక మాట ఉంది. 2007 సెప్టెంబరు 1న రాజీపడ్డామని, ఇప్పుడు తమ మధ్య ఎలాంటి అపార్థమూ లేదని. అపార్థమట! చేను గట్టు దగ్గర మాటా మాటా పెరిగిన ఇరుగుపొరుగుల గురించి రాసినట్టుంది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి చెప్పించే మాట ఏ నోటి నుంచి వస్తుందో, ఏ భయం నుంచి వస్తుందో మనకు తెలియనిది కాదు. 2013లో హర్యానా నుంచి వచ్చిన మరో కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అత్యాచారం కేసుల్లో రాజీ శిక్ష తగ్గింపునకు కారణం కాదని తేల్చింది. అదే ఏడాది పార్లమెంటు కూడా కనీస శిక్ష కంటే తగ్గించే వెసులుబాటును చట్టం నుంచి తొలగించింది. అయితే అంతకుముందు జరిగిన నేరాల అప్పీళ్లు పాత చట్టం కిందే నడుస్తాయి.

అప్పీలు దోషి హక్కు కాదా, అమాయకుడు జైల్లో మగ్గితే ఎవరు బాధ్యులు అని అడిగేవారున్నారు. నిజమే. నేరమే రుజువు కాలేదంటే నిర్దోషిగా వదిలేయాలి, అందులో నాకు పేచీ లేదు. కానీ నేరం రుజువైందని ఒప్పుకుంటూనే ఇన్నేళ్లు గడిచాయని శిక్ష తగ్గించడం వేరే సంగతి. ఆ ఆలస్యం ఆమె చేసింది కాదు. పైగా ఆ ఏళ్లన్నీ ఆమె కూడా గడిపింది: కోర్టుకు తిరుగుతూ, ఊరి చూపులు భరిస్తూ. క్రిమినల్ చట్టాలకు 2018లో చేసిన సవరణ ఇలాంటి అప్పీళ్లను ఆరు నెలల్లో తేల్చమంది. ఆ గడువు దాటితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు.

అసలు నన్ను నిలవనీయని విషయం ఇంకొకటి. ఒక బాలిక కేసులో కింది కోర్టు వేసిన పదేళ్లను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నాలుగేళ్లకు కుదిస్తే, సుప్రీంకోర్టు 1995లో ఏడేళ్లకు పెంచింది. కర్ణాటకలో ఏడెనిమిదేళ్ల పాపపై అత్యాచారం చేసిన 49 ఏళ్ల మనిషికి పడిన పదేళ్లను అక్కడి హైకోర్టు నాలుగేళ్లు చేసింది. చదువులేనివాడు, తాగుడుకు బానిస, ముసలితల్లి, భార్యాబిడ్డలు ఉన్నారు అన్నవి చూపిన కారణాలు. 2000లో సుప్రీంకోర్టు మళ్లీ పదేళ్లూ విధించింది. ఈ రెండు దిద్దుబాట్లూ జరిగింది ప్రభుత్వాలు అప్పీలుకు వెళ్లబట్టే. వెళ్లకపోయి ఉంటే ఆ పిల్లల తల్లిదండ్రులు ఏం చేయగలిగేవారు?

హక్కుగా అప్పీలుకు వెళ్లలేకపోయేవారు. ఇప్పటికీ అంతే. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2009లో వచ్చిన సవరణ బాధితులకు అప్పీలు హక్కు ఇచ్చింది. నిందితుడిని వదిలేస్తే వెళ్లవచ్చు, చిన్న నేరం కింద శిక్షిస్తే వెళ్లవచ్చు, నష్టపరిహారం చాలకపోయినా వెళ్లవచ్చు. శిక్ష చాలలేదని మాత్రం వెళ్లకూడదు, అది ప్రభుత్వానికే సొంతం. ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా 413వ సెక్షన్‌లో ఆ నిబంధననే తెచ్చి పెట్టుకుంది. అంటే పరిహారం రూపాయలు చాలవని బాధితురాలు వాదించవచ్చు, శిక్ష ఏళ్లు చాలవని వాదించకూడదు. ఆమె బాధకు వెల ఉంది గానీ మాట లేదు. ఇంత పెద్ద చట్టాన్ని కొత్తగా రాసినవారికి ఈ ఒక్క ముక్క చేర్చడం భారమా? చాలని శిక్షపైనా బాధితులు అప్పీలు చేసుకోవచ్చని 413లో చేర్చాలి. అప్పుడు అప్పీలు చేయాలా వద్దా అన్నది ఏ ప్రభుత్వ న్యాయవాది తీరిక మీదా ఆధారపడదు.