పెదనాన్న సవరం

మొన్న ఆదివారం ఆత్రేయపురం దగ్గర మా పెదనాన్నగారి అరుగు మీద మహా విచారణ జరిగింది. ముద్దాయి ఆయన మనవడే, ఇంజనీరింగ్ రెండో ఏడు. నేరం: ఆన్‌లైన్ ఆటలో ఆడవేషం కట్టడం. సాక్ష్యం: ఫోను తెర మీద, తనకన్నా పొడవైన కత్తి భుజాన వేసుకుని నిలబడ్డ నీలికళ్ల సుందరి.

"వంశం ఏమైపోవాలి?" అన్నారు పెదనాన్న. 1986 వరదకే చెక్కుచెదరని వంశం, ఈ సుందరికి కొట్టుకుపోతుందని ఆయన భయం.

"ఆటలో బొమ్మ వీపే కనిపిస్తుంది తాతయ్యా. గంటలకొద్దీ చూడాలి. ఆ చూసేదేదో..." అన్నాడు వాడు. మాట పూర్తికాకుండానే చేతికర్ర లేచింది. నాకు మాత్రం సమాధానం సబబుగానే తోచింది. పక్కనే ర్యాలిలో స్వామి ముందు నుంచి కేశవుడు, వెనక నుంచి జగన్మోహిని. ముందు దండం పెట్టుకుని, వెనక్కి వెళ్లకుండా తిరిగొచ్చిన భక్తుణ్ణి నేనింతవరకు చూడలేదు.

కాకినాడ పక్కన సర్పవరంలో నారదుడు గుండంలో మునిగి ఆడదై లేచాడనీ, రాజును పెళ్లాడి అరవైమందిని కన్నాడనీ స్థలపురాణం. ప్రభవ, విభవ అంటూ ఆ పిల్లల పేర్లే మన సంవత్సరాలకు పెట్టుకుని ఉగాది పచ్చడి తింటున్నాం. నారదుడికి ఒక్క మునకతో, పైసా ఖర్చు లేకుండా అయిపోయింది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో అయితే బొమ్మ రూపం మార్చడానికి ఫాంటేసియా అనే సీసా డబ్బిచ్చి కొనుక్కుని తాగాలి.

ఇంతలో ముద్దాయి మరో నిజం కక్కాడు. ఆటలో ఎవరో కుర్రాడు ఈ సుందరికి ముందు గుర్రం, తరువాత కవచం, ఆపైన బంగారం కానుక ఇచ్చాడట.

"ఎంత బంగారం?" అన్నారు కొబ్బరి వ్యాపారం చేసే బాబాయి. అంతవరకూ ఆయన కునుకు తీస్తున్నారు.

"పన్నెండు వేల కాసులు."

అరుగు నిశ్శబ్దమైపోయింది. కాసుకు ఎనిమిది గ్రాముల చొప్పున బాబాయి వేళ్ల మీదే లెక్క తేల్చారు: తొంభై ఆరు కిలోలు. చేతికర్ర గోడకు ఆనింది.

"కుర్రాడు ఏం చేస్తుంటాడు?"

"మంత్రగాడు."

"ప్రభుత్వోద్యోగమేనా?"

పొలం ఎంత, అక్కచెల్లెళ్లు ఉన్నారా అనే దాకా వెళ్లింది విచారణ. పెదనాన్న తల వెనక గోడకు ఒక ఫొటో వేలాడుతోంది. ఊరి నాటకంలో ఆయనే కట్టిన సత్యభామ వేషం: మోకాళ్ల దాకా సవరం, ముక్కుకు బులాకీ, కంటికి కాటుక. ఆ సవరం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో కర్పూరం ఉండల మధ్య భద్రంగా ఉంది. స్త్రీపాత్రలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ వచ్చిందని ఏటా మాకు గుర్తుచేసేదీ ఆయనే. అయితే అది కళ. ఇది భ్రష్టత్వం. తేడా ఏమిటని అడిగితే మళ్లీ చేతికర్ర.

ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకెళుతూ మనవరాలు అంది: "నేనూ ఆడతాను తాతయ్యా. మగవేషం." ఒక్కరూ తల తిప్పలేదు.

నేను లోపలికి వెళ్లి అడిగాను. మొదట్లో ఆ పిల్ల ఆడపిల్లగానే, తన గొంతుతోనే ఆడిందట. మైకులో ఆడగొంతు వినపడగానే నంబరు ఇవ్వమన్నారు. ఇవ్వనంటే బూతులు, తల్లిని కలిపి. ఇప్పుడు దాని బొమ్మకు బారెడు మీసాలు. మైకు ఆపేసి ఆడుతుంది. గెలిచిన రోజు కూడా నోరు విప్పి ఒక కేక పెట్టదు. అన్న సరదాకి వంశం మునిగిపోతుంది గాని, చెల్లెలి గొంతు నొక్కేస్తే ఎవరి పరువూ పోదు! ఆ బూతులు కూసిన వెధవలు ఆకాశం నుంచి ఊడిపడ్డారా? ఇలాంటి అరుగుల మీదే పెరిగారు, ఇలాంటి పెద్దల ఒళ్లోనే. వాళ్లను నిలబెట్టి అడగడానికి ఒక్క పెద్దమనిషికీ ఒక్క ఆదివారం ఖాళీ దొరకలేదు.

బయట తీర్పు వచ్చింది. బొమ్మను మగవాడిగా మార్చాలి. వీడి ఆటలోనూ అందుకు అలాంటి సీసానే కొనాలట. ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర సభ వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. బంగారం మాత్రం అప్పటిదాకా కదపవద్దని బాబాయి మరీమరీ చెప్పి వెళ్లారు.